కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో స్త్రీలు: కూటాలు, పిలుపులు, నిర్ణయాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

బయటివాళ్ళు మోర్మన్లని పిలిచే సంఘం అసలు పేరు కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘం. 2018 నుంచి నాయకులు పూర్తి పేరే వాడమని గట్టిగా అడుగుతున్నారు కాబట్టి ఇక్కడ సంఘం అంటే అదే అనుకోండి. 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైంది. ముఖ్య కార్యాలయం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో ఉంది. ప్రపంచమంతటా 1.7 కోట్ల మందికి పైగా సభ్యులున్నారు. భారతదేశంలో మొదటి స్టేకు (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) 2012 మేలో హైదరాబాదులోనే ఏర్పడింది. అందుకే ఈ ప్రశ్నలు తెలుగులో కూడా తరచుగా వస్తున్నాయి.

సంఘంలో స్త్రీలకు యాజకత్వం ఇస్తారా?

ఇవ్వరు. అయితే ఈ మాట ఎంత లోతుకు వెళుతుందో తెలియాలంటే యాజకత్వం, అంటే దేవుని పేరిట విధులు జరిపే అధికారం, ఇక్కడ ఎలా పనిచేస్తుందో చూడాలి. ఈ సంఘంలో జీతం తీసుకునే పాస్టరు ఉండడు. సెమినరీలో చదివి అభిషేకం పొందే పద్ధతీ లేదు. యోగ్యుడైన ప్రతి అబ్బాయికీ తనకు 12 ఏళ్ళు నిండే సంవత్సరం జనవరి నుంచి అహరోను యాజకత్వం (మొదటి మెట్టు) ఇవ్వవచ్చు. 18 ఏళ్ళకు మెల్కీసెదెకు యాజకత్వం (దానికన్నా పైది) ఇస్తారు. అంటే గీత గురువులకూ విశ్వాసులకూ మధ్య పడటం లేదు. ఇంట్లో ఉన్న ఆరో తరగతి కుర్రాడికీ, వాడిని కన్న తల్లికీ మధ్య పడుతోంది. ఈ చర్చ ఇంత బాధతో సాగడానికి ఒక కారణం ఇదే.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. 2014 ఏప్రిల్ సర్వసభ్య సమావేశంలో (ఏడాదికి రెండుసార్లు ప్రపంచంలోని సభ్యులందరికీ జరిగేది) అపొస్తలుడు డాలిన్ హెచ్. ఓక్స్ ఒక ముఖ్యమైన వివరణ ఇచ్చారు. స్త్రీ ఒక పిలుపుకు (సంఘం అప్పగించే బాధ్యతకు) ప్రత్యేకపరచబడినప్పుడు ఆ పనిలో ఆమె వాడేది యాజకత్వ అధికారమేనని చెప్పారు. 2025 అక్టోబరులో ఆయనే సంఘ అధ్యక్షుడయ్యారు. దేవాలయంలో స్త్రీలకు జరిగే కొన్ని విధులను స్త్రీలే నిర్వహిస్తారు. కాబట్టి "స్త్రీలకు ఏ అధికారమూ లేదు" అనడం తప్పు. "సమానమే, ఏ తేడా లేదు" అనడమూ తప్పే.

నంద్యాలలో మహిళా బిషప్ వచ్చారు కదా! ఇక్కడ ఎందుకు లేరు?

2013లో నంద్యాల డయాసిస్‌కు పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ ఆమే. తెలుగు క్రైస్తవులకు అది గుర్తుండిపోయిన సంగతి. కానీ రెండు చోట్లా 'బిషప్' అన్నమాటకు అర్థం ఒకటి కాదు. సి.ఎస్.ఐ.లో బిషప్ ఒక అధ్యక్ష మండలాన్ని, వందల సంఘాలను చూస్తారు. ఇక్కడ బిషప్ ఒక్క వార్డుకు, అంటే ఒక స్థానిక సంఘానికి, పెద్ద. సాధారణంగా అయిదారేళ్ళు, జీతం లేకుండా, తన ఉద్యోగం చేసుకుంటూ ఆ పని చేస్తాడు. ఆ పిలుపుకు మెల్కీసెదెకు యాజకత్వం కావాలి కాబట్టి స్త్రీని పిలవరు. వార్డు గుమాస్తాకు, కార్యనిర్వాహక కార్యదర్శికి కూడా అదే షరతు. లెక్కలు రాయడానికీ, అపాయింట్‌మెంట్లు చూడటానికీ యాజకత్వం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదేనని మా అభిప్రాయం.

ఏది మార్చవచ్చు, ఏది మార్చలేం? ఎలా తెలుసుకోవాలి?

ఈ పేజీలో అన్నిటికన్నా అక్కరకు వచ్చే సంగతి ఇదే కాబట్టి నెమ్మదిగా చదవండి. మన వార్డులో జరిగే ప్రతి పనీ మూడింటిలో ఒకటి అవుతుంది. అది సిద్ధాంతం కావచ్చు, సంఘ నియమావళిలో (నాయకులు పాటించాల్సిన సూచనల పుస్తకంలో) రాసిన నిబంధన కావచ్చు, ఉత్త అలవాటు కావచ్చు. సిద్ధాంతాన్ని ప్రథమ అధ్యక్షత్వం (సంఘ అధ్యక్షుడు, ఆయన సలహాదారులు), పన్నెండుమంది అపొస్తలులు తప్ప ఎవరూ మార్చలేరు. నియమావళిని మార్చేదీ సాల్ట్ లేక్ సిటీలోనే, అయితే అది తరచుగా మారుతూనే ఉంటుంది. అలవాటును మాత్రం వచ్చే ఆదివారమే మీ బిషప్ మార్చేయగలడు.

మన దగ్గర చిక్కు ఎక్కడ వస్తుందంటే, అలవాటును సిద్ధాంతమని నమ్మేస్తాం. ముందున్న బిషప్ అలా చేశాడు, ఆయనకు నేర్పిన అమెరికా మిషనరీ ఊళ్ళో అలా చేసేవాళ్ళు, అంతే. ఎవరైనా "అది రూలు" అంటే మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి: "ఏ అధ్యాయంలో ఉంది బ్రదర్?"

ఈ ప్రశ్న అడగగలిగే వీలు స్త్రీలకు పూర్తిగా వచ్చింది 2020 ఫిబ్రవరిలోనే. అంతకుముందు నియమావళి రెండు పుస్తకాలుగా ఉండేది. మొదటిది బిషప్పులు, స్టేకు అధ్యక్షుల వంటివారి చేతికి మాత్రమే ఇచ్చేవారు. తమ జీవితాలను తాకే నిబంధనలను సభ్యులు చదవలేకపోయేవారు. ఇప్పుడది ఒకే సాధారణ నియమావళిగా సంఘం వెబ్‌సైటులోనూ, గాస్పెల్ లైబ్రరీ యాప్‌లోనూ అందరికీ అందుబాటులో ఉంది.

సంస్కార సమావేశంలో (రొట్టె, నీళ్ళు పంచే ఆదివారం ఆరాధనలో) మొదటి ప్రార్థన పురుషుడే చేయాలంటారు. నిజమా?

కాదు. మొదటి ప్రార్థనైనా చివరి ప్రార్థనైనా స్త్రీలూ పురుషులూ ఎవరైనా చేయవచ్చని నియమావళి సూటిగా చెబుతుంది. ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. 1967లో సంస్కార సమావేశ ప్రార్థనలు యాజకత్వం ఉన్నవారే చేయాలని సూచన వచ్చింది. 1978లో దాన్ని తీసేశారు. తీసేసి దశాబ్దాలు గడిచినా "మొదటిది మాత్రం బ్రదరే" అన్న తోక కొన్ని వార్డుల్లో మిగిలిపోయింది. సర్వసభ్య సమావేశంలోనైతే ఒక స్త్రీ ప్రార్థన చేయడం మొదటిసారి 2013 ఏప్రిల్ 6న జరిగింది. ఆమె జీన్ ఎ. స్టీవెన్స్. దాన్ని ఆపే సిద్ధాంతం అప్పటికీ ఏదీ లేదు. అలవాటే అన్నేళ్ళు ఆపింది.

చివరి ప్రసంగం ఎప్పుడూ పురుషుడిదే ఎందుకు?

అలవాటు. మొదట ఒక యువతి అయిదు నిమిషాలు, తరువాత ఒక సహోదరి పది నిమిషాలు, చివర్న ఒక సహోదరుడు మిగిలినంతసేపు మాట్లాడాలన్న క్రమం ఎక్కడా రాసి లేదు. అయినా అది బలంగా పాతుకుపోయింది. దాని ఫలితం ఇలా ఉంటుంది. ముందువాళ్ళు ఎక్కువసేపు మాట్లాడితే చివరివాడి సమయం తగ్గుతుందని అందరూ స్త్రీ వైపు గడియారం చూపిస్తారు. పిల్లలకు మాత్రం 'అసలు ప్రసంగం' నాన్నలదే అన్న భావన మాట చెప్పకుండానే అందుతుంది.

వాదన కన్నా లెక్క బాగా పనిచేస్తుంది. మూడు నెలల కార్యక్రమ పత్రాలు తీయండి. 13 ఆదివారాల్లో ఒకటి స్టేకు సమావేశానికో సర్వసభ్య సమావేశానికో పోతే 12 సంస్కార సమావేశాలు, అంటే 24 ప్రార్థనలు. వాటిలో మూడు ఉపవాస ఆదివారాలు, ఆ రోజు నియమించిన ప్రసంగీకులుండరు. మిగిలిన 9 ఆదివారాలకు ముగ్గురు చొప్పున 27 ప్రసంగాలు. ఇప్పుడు నాలుగు గళ్ళు గీయండి: మొదటి ప్రార్థన ఎవరు, చివరి ప్రార్థన ఎవరు, చివరి ప్రసంగం ఎవరిది, ఎవరికి ఎన్ని నిమిషాలు ఇచ్చారు. మొత్తంగా చూస్తే సగంసగం ఉన్నట్టే కనిపించి, చివరి ప్రసంగాలు తొమ్మిదికి తొమ్మిదీ పురుషులవే కావచ్చు. అందుకే గళ్ళు విడివిడిగా పెట్టాలి. ఆ కాగితం బిషప్రిక్కులో (బిషప్, ఆయన ఇద్దరు సలహాదారుల బృందంలో) ప్రసంగాలు నియమించే సలహాదారుడికి ఒంటరిగా ఉన్నప్పుడు ఇవ్వండి, నలుగురిలో కాదు. చాలామంది కావాలని చేయరు, లెక్క చూశాక వాళ్ళే ఆశ్చర్యపోతారు. తరువాతి మూడు నెలల పేర్లు ముందే రాసుకోమని అడగండి. శనివారం రాత్రి ఫోను చేసి మనుషులను వెతికే వార్డులో అలవాటే గెలుస్తుంది.

వేదిక మీద, తలుపు దగ్గర, సంస్కార బల్ల దగ్గర ఎవరుండవచ్చు?

సంస్కార బల్ల సంగతి నియమావళిలో స్పష్టంగా ఉంది. రొట్టె, నీళ్ళు సిద్ధం చేయడానికీ, ఆశీర్వదించడానికీ, పంచడానికీ యాజకత్వం కావాలి. పళ్ళెం వరుసలోకి వచ్చాక చేతులు మార్చేది ఎవరైనా కావచ్చు, అమ్మలూ అమ్మమ్మలూ ప్రతి వారం అందిస్తూనే ఉన్నారు. తలుపు దగ్గర నిలబడి ఆహ్వానించడానికి, కుర్చీలు చూపించడానికి ఏ నియామకమూ అక్కర్లేదు. సంగీత నిర్వహణ, కార్యక్రమ పత్రం కూర్పు కూడా అంతే.

వేదిక విషయం వేరు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల కొన్ని వార్డుల్లో ఉపశమన సమాజ (సంఘంలోని స్త్రీల విభాగం) అధ్యక్షురాలు, ఇతర స్త్రీ నాయకులు చాలా ఏళ్ళు బిషప్రిక్కుతో పాటు వేదిక మీద కూర్చునేవారు. 2023లో ఆ ప్రాంతపు నాయకత్వం దాన్ని ఆపించింది. అక్కడి స్త్రీలు పెద్ద ఎత్తున ఉత్తరాలు రాశారు. కుర్చీలో కూర్చోవడానికి యాజకత్వం అవసరమని ఏ గ్రంథంలోనూ లేదు. కాబట్టి ఆ నిర్ణయం ఎంతోమందిని గాయపరిచిందన్న మాటను తేలిగ్గా తీసేయకూడదు. వార్డు స్థాయి మార్పు పైనుంచి ఒక్క మాటతో ఆగిపోగలదని కూడా అది చూపిస్తుంది.

బాప్తిస్మానికి స్త్రీలు సాక్షులుగా ఉండవచ్చా? ఏం చేయాలి?

ఉండవచ్చు. 2019 అక్టోబరు 2 నుంచి బాప్తిస్మం పొందిన ఏ సభ్యుడైనా, సభ్యురాలైనా బాప్తిస్మానికి సాక్షిగా నిలబడవచ్చు. 8 ఏళ్ళు నిండి బాప్తిస్మం పొందిన పాప కూడా నిలబడవచ్చు. దేవాలయంలో తమ నిబంధనలు పొందిన స్త్రీలు వివాహ ముద్రణకు (దంపతులను నిత్యత్వానికి కలిపే విధికి) కూడా సాక్షులు కావచ్చు.

సాక్షులు ఇద్దరు కావాలి. ఇది అలంకారం కాదు, నిజమైన పని. ఒకరు నీళ్ళ తొట్టికి ఒక పక్క, ఇంకొకరు రెండో పక్క, ఇద్దరికీ నీళ్ళలోపల కనిపించేలా నిలబడాలి. మొదట మాట చూడాలి: సిద్ధాంతము మరియు నిబంధనలు అనే సంఘ గ్రంథం 20వ ప్రకరణంలోని ప్రార్థన, వ్యక్తి పూర్తి పేరుతో, పొల్లుపోకుండా రావాలి. మన పేర్లు పొడవు. ఇంటిపేరు ముందా వెనకా అని తడబడితే బాప్తిస్మమిచ్చేవాడు మధ్యలో ఆగిపోతాడు, కాబట్టి పేరు ఎలా పలకాలో ముందే కాగితం మీద రాసి ఇవ్వండి. తరువాత మునక చూడాలి: వెంట్రుకలు, బట్టలు, కాలి వేళ్ళతో సహా ఒకేసారి మునగాలి. ఏదైనా తేలితే మళ్ళీ చేయాలి. ఎక్కువగా తేలేవి మూడు: పొడవాటి జడ, గాలి నిండి ఉబ్బిన తెల్ల బట్ట అంచు, భయంతో పైకి లేచే పాదం. జడను గట్టిగా అల్లి ముడి పెట్టండి. పలచటి బట్ట వద్దు. మోకాళ్ళు వంచమని ముందే నేర్పండి. తేలిందని చెప్పడానికి సాక్షి మొహమాటపడకూడదు. పెద్దాయన బాప్తిస్మమిచ్చాడు కదా, మళ్ళీ చేయమని ఎలా అనడం అని ఆగిపోతే సాక్షి ఉండి ఏం లాభం? మొదటిసారి నిలబడే అమ్మాయికి ఈ మాట ముందే చెప్పి ధైర్యమివ్వండి.

వార్డు సభలో స్త్రీల మాటకు విలువ ఉంటుందా?

వార్డు సభలో బిషప్, ఆయన ఇద్దరు సలహాదారులు, గుమాస్తా, కార్యదర్శి, ఎల్డర్ల సమూహ (పెద్దవయసు పురుషుల విభాగం) అధ్యక్షుడు, ఉపశమన సమాజం, యువతుల, ప్రాథమిక (చిన్నపిల్లల విభాగం) అధ్యక్షురాళ్ళు, ఆదివార బడి, సువార్త పని, దేవాలయ పని చూసేవారు ఉంటారు. ఈ డజను మందిలో స్త్రీలకు ఖాయంగా ఉన్న కుర్చీలు ఉపశమన సమాజం, యువతులు, ప్రాథమిక, ఈ మూడే.

ముగ్గురి మాట తొమ్మిదిమంది మధ్య ఎలా మునిగిపోతుందో చూడండి. సభకు ముందే బిషప్రిక్కు కూర్చుని నిర్ణయం తీసేసుకుంటుంది, సభలో ప్రకటన మాత్రమే మిగులుతుంది. లేదా కార్యక్రమంలో తేదీల పంచాంగమే నలభై నిమిషాలు తినేస్తుంది, కుటుంబాల అవసరాల వంతు వచ్చేసరికి సమయం అయిపోతుంది. లేదా బిషప్ తన అభిప్రాయం ముందే చెప్పేస్తాడు. మన సంస్కృతిలో పెద్దాయన మాట్లాడాక ఎదురు చెప్పడం అమర్యాద కాబట్టి అక్కడితో చర్చ ముగుస్తుంది. సభ సాయంత్రం ఏడున్నరకు పెడితే వంట, పిల్లల హోంవర్కు, తిరుగు ప్రయాణంలో ఆటో దొరకడం, ఈ మూడు భారాలూ స్త్రీల మీదే పడతాయి.

వీటికి మందు సిద్ధాంతంలో వెతకనక్కర్లేదు. తేదీలను వాట్సాప్‌లో ముందే పంపేయండి. సభలో మొదటి అరగంట మనుషుల గురించే మాట్లాడండి. బిషప్ చివర మాట్లాడాలి. పేరు పెట్టి, "సిస్టర్, ఈ కుటుంబం గురించి మీరేమంటారు?" అని మొదట స్త్రీలను అడగాలి. ఊరికే "ఎవరికైనా ఏమైనా ఉందా?" అంటే ఎవరూ నోరు విప్పరు. గంట నుంచి గంటన్నరలో ముగించి, ఆదివారం ఆరాధన ముందో వెనకో పెడితే ప్రయాణం తప్పుతుంది. ఆ సమయంలో పిల్లలను ఎల్డర్ల సమూహం చూసుకోవాలి.

ఉపశమన సమాజ అధ్యక్షురాలికి బిషప్‌తో విడిగా క్రమం తప్పకుండా సమావేశం ఉండాలి. ఎవరింట్లో బియ్యం లేవు, ఎవరికి ఆసుపత్రి ఖర్చుంది అన్న సహాయపు పనుల్లో ఆమె, ఎల్డర్ల సమూహ అధ్యక్షుడు ఇద్దరూ ముందుంటారు. ఆమె సలహాదారులుగా ఎవరుండాలో పేర్లు సూచించేదీ ఆమే. ఆ జాబితాను ఆమెను అడగకుండా బిషప్రిక్కే నింపేస్తే నెమ్మదిగా గుర్తుచేయండి.

ఉపశమన సమాజం మన స్త్రీల సమాజం లాంటిదేనా? మొదటినుంచీ ఇలాగే ఉందా?

పోలిక కొంతవరకే. ఇది 1842 మార్చి 17న ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూలో 20 మంది స్త్రీలతో మొదలైంది. సంఘ స్థాపకుడు జోసెఫ్ స్మిత్ భార్య ఎమ్మా స్మిత్ మొదటి అధ్యక్షురాలు. 18 దాటిన ప్రతి స్త్రీ దానిలో సభ్యురాలే.

పాత చరిత్ర చదివినవారికి ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. పందొమ్మిదో శతాబ్దపు ఉపశమన సమాజం ఇప్పటికన్నా ఎంతో స్వతంత్రంగా ఉండేది. తన డబ్బు తానే పోగుచేసుకునేది, సొంత హాళ్ళు కట్టుకుంది. 1876 నుంచి ఎమ్మెలిన్ వెల్స్ నాయకత్వంలో గోధుమలు నిల్వచేసింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆ గోధుమలు అమెరికా ప్రభుత్వానికి అమ్మేంత ఉన్నాయి. యూటా స్త్రీలు తూర్పు రాష్ట్రాలకు వెళ్ళి వైద్యం చదివి వచ్చారు. 1882లో సాల్ట్ లేక్ సిటీలో డెజరెట్ ఆసుపత్రి తెరిచారు. 1870లోనే యూటా స్త్రీలు ఓటు వేశారు. 1887లో కేంద్ర చట్టం ఆ హక్కు లాక్కుంటే 1896లో రాష్ట్ర రాజ్యాంగంతో మళ్ళీ సాధించుకున్నారు. అదే ఏడు వైద్యురాలు మార్తా హ్యూస్ కానన్ రాష్ట్ర సెనేటుకు ఎన్నికైంది. అమెరికాలో ఆ స్థానానికి వెళ్ళిన మొదటి స్త్రీ ఆమే. ఆ రోజుల్లో స్త్రీలు రోగుల మీద చేతులుంచి ప్రార్థించేవారు, ప్రసవానికి ముందు గర్భిణులకు నూనె రాసి ఆశీర్వదించేవారు. ఆ ఆచారం క్రమంగా సన్నగిల్లి 1946 నాటికి ఆగిపోయింది. 1970 ప్రాంతంలో అన్ని విభాగాలనూ యాజకత్వ నాయకత్వం కిందికి తెచ్చినప్పుడు సమాజం తన సొంత ఆదాయాన్ని, సొంత పత్రికను కోల్పోయింది.

ఈ చరిత్ర తెలిస్తే "ఇలాగే ఉండాలని మొదటినుంచీ ఉంది" అన్న మాట నిలవదు. ఇచ్చినవి తీసుకున్నారు, తీసుకున్నవి మళ్ళీ ఇచ్చారు. స్త్రీల స్థానం ఈ సంఘంలో ఎప్పుడూ ఒకే చోట ఆగి లేదు.

యువకులకు క్యాంపులు, యువతులకు కేకు తయారీ. బడ్జెట్ ఎలా పంచాలి?

పిల్లల సంఖ్యను బట్టి. 2019 అక్టోబరులో ప్రకటించిన పద్ధతి ప్రకారం వార్డు యువజన బడ్జెట్ యువకులకూ యువతులకూ తలల లెక్కన న్యాయంగా పంచాలి. ఉదాహరణకు ఏడాదికి 50,000 రూపాయలుండి, అబ్బాయిలు 8 మంది, అమ్మాయిలు 12 మంది ఉంటే తలకు 2,500. అబ్బాయిలకు 20,000, అమ్మాయిలకు 30,000. సగంసగం పంచినా ఇక్కడ అమ్మాయిలకు అన్యాయమే. పొరపాటు సాధారణంగా రవాణాలో దొర్లుతుంది. అబ్బాయిల బస్సు అద్దె 'వార్డు ఖర్చు' కింద రాసి, అమ్మాయిల ఆటో ఖర్చు వాళ్ళ బడ్జెట్‌లోంచి తీస్తారు. ఏడాది చివర రసీదులు పక్కపక్కన పెడితే బయటపడుతుంది.

బిషప్‌తో ఒంటరిగా ఇంటర్వ్యూకు వెళ్ళాలంటే ఇబ్బందిగా ఉంది.

ఒంటరిగా వెళ్ళనక్కర్లేదు. 2018 మార్చి నుంచి స్పష్టంగా ఉంది: స్త్రీలు, యువత, పిల్లలు ఎవరైనా తల్లినో, తండ్రినో, నమ్మకమైన మరో పెద్దనో లోపల కూర్చోబెట్టుకోవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. "మా అక్క నాతో కూర్చుంటుంది" అంటే చాలు. ఎవరినీ తెచ్చుకోకపోయినా పక్క గదిలో మరో పెద్దమనిషి ఉండేలా చూడటం నాయకుడి బాధ్యత.

ఒక మాట మాత్రం తప్పకుండా చెప్పాలి. ఇంట్లో కొట్టడం, లైంగిక హింస వంటివి బిషప్‌తో చెప్పుకుంటే ఓదార్పు దొరకవచ్చు, కానీ అది ఫిర్యాదు కాదు. పోలీసులకు 112, మహిళల సహాయానికి 181. పిల్లల మీద లైంగిక నేరం గురించి తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం అంటుంది. బిషప్పుకైనా, ఉపశమన సమాజ అధ్యక్షురాలికైనా అది వర్తిస్తుంది.

మిషనరీ సేవలో తేడాలేంటి?

పురుషులు 24 నెలలు, స్త్రీలు 18 నెలలు. 2012 అక్టోబరులో స్త్రీల కనీస వయసు 21 నుంచి 19కి, పురుషులది 19 నుంచి 18కి తగ్గింది. సహోదరీ మిషనరీల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. 2025 నవంబరులో స్త్రీలకూ 18 చేశారు. అబ్బాయిలకు సేవ విధి అని, అమ్మాయిలకు ఇష్టమైతే అని చెప్పడం మాత్రం మారలేదు. సహోదరీ మిషనరీలకు సహోదరీ శిక్షణ నాయకురాళ్ళు 2013 నుంచి ఉన్నారు, కానీ జిల్లా, జోను నాయకులు ఎల్డర్లే (పురుష మిషనరీలే).

పై స్థాయిలో స్త్రీలున్నారా?

ప్రథమ అధ్యక్షత్వంలో ముగ్గురు, అపొస్తలులు పన్నెండుమంది, అందరూ పురుషులే. ఉపశమన సమాజం, యువతులు, ప్రాథమిక విభాగాలకు ప్రపంచ స్థాయి అధ్యక్షత్వాలు స్త్రీలవి. 2015 ఆగస్టులో ఆ ముగ్గురు అధ్యక్షురాళ్ళకు మూడు ముఖ్య కార్యనిర్వాహక సభల్లో మొదటిసారి చోటు ఇచ్చారు. సర్వసభ్య సమావేశంలో ముప్పైకి పైగా ప్రసంగాల్లో స్త్రీలవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. 2024 మార్చిలో ఒక స్త్రీ నాయకురాలు తనకు తెలిసినంతలో స్త్రీలకు ఇంత విస్తృతంగా శక్తీ అధికారమూ ఇచ్చిన మరో మత సంస్థ లేదని అన్నప్పుడు, విశ్వాసంలో ఉన్న స్త్రీలే వేల సంఖ్యలో తమ అనుభవం వేరని బహిరంగంగా రాశారు. వాళ్ళు బయటివాళ్ళు కారు. ప్రతి ఆదివారం పాఠం చెప్పేవాళ్ళు, పిల్లలను ఎత్తుకునేవాళ్ళు.

ఇలా అడిగితే సంఘంలోంచి తీసేస్తారా?

అడిగినందుకు తీసేయరు. ప్రశ్నకూ ఉద్యమానికీ మధ్య గీత ఉంది, అది ఎక్కడ పడుతుందో మాత్రం నాయకుడిని బట్టి మారుతుంది. 1979 డిసెంబరులో సోనియా జాన్సన్‌ను బహిష్కరించారు, అమెరికా రాజ్యాంగంలో సమాన హక్కుల సవరణ కోసం ఆమె సంఘాన్ని ఎదిరించి ప్రచారం చేసింది. 2013లో స్త్రీలకు యాజకత్వం ఇవ్వాలని కోరే బృందాన్ని మొదలుపెట్టిన కేట్ కెల్లీని 2014 జూన్‌లో బహిష్కరించారు. ఈ శిక్షలు ఎందరినో భయపెట్టాయి, ఆ భయం ఇంకా ఉంది. వార్డులో ప్రార్థనల లెక్క అడగడం, నియమావళి చదివి చూపించడం, బిషప్‌తో మనసు విప్పి మాట్లాడటం ఈ గీతకు చాలా ఇవతల ఉన్న పనులు.

యాజకత్వం విషయం ఎప్పటికైనా మారుతుందా?

మార్పు దేవుడు సంఘ అధ్యక్షుడికిచ్చే ప్రకటన ద్వారా వస్తుందని సంఘం నమ్మకం. 1978 జూన్‌లో అలాగే నల్లజాతి పురుషులకు యాజకత్వం ఇచ్చారు. అదే మూలం నుంచి వచ్చిన మరో శాఖ, ఇప్పుడు కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్ అని పిలిచేది, 1985 నుంచి స్త్రీలను నియమిస్తోంది. 2025లో దానికి మొదటిసారి ఒక స్త్రీ, స్టాసీ క్రామ్, ప్రవక్త అధ్యక్షురాలైంది. ఒకే జోసెఫ్ స్మిత్, ఒకే మోర్మన్ గ్రంథం, రెండు దారులు.

తెలుగు వార్డుల్లో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి ఉన్నాయా?

ఉన్నాయి. తెలుగువారిలో ఈ సంఘం వేళ్ళూనింది కుటుంబాల ద్వారా. సమోవాలో ఉండగా విశ్వాసంలోకి వచ్చిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 చివర్లో హైదరాబాదు వచ్చి తమ బంధువర్గానికి సువార్త చెప్పారు. ఇరవైమందికి పైగా బాప్తిస్మం పొందారు. మొదటినుంచీ ఆ పనిలో ఇద్దరి పేర్లూ కలిసే ఉన్నాయి. కానీ మన కార్యక్రమ పత్రాల్లో మాత్రం "ఫలానా బ్రదర్ గారి భార్య" అని అచ్చవుతుంది. ఆమె పేరే రాయండి.

చెంగు కప్పుకుని ప్రార్థన చేయడం ఇతర సంఘాల నుంచి వచ్చినవారికి అలవాటు. వార్డు కూటాల్లో అది తప్పనిసరి కాదు, వద్దనీ అనకూడదు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క కూర్చునే పద్ధతి కూడా ఇక్కడిది కాదు, కుటుంబమంతా ఒకే వరుసలో కూర్చోవచ్చు. అలా కూర్చుంటే ఏడ్చే బిడ్డను ప్రతిసారీ తల్లే బయటికి తీసుకుపోవాల్సిన అవసరం తప్పుతుంది. ప్రాథమికలో, నర్సరీలో బోధించడానికి పురుషులను కూడా పిలవండి, నియమావళి ఒప్పుకుంటుంది. ఇద్దరు పెద్దలు గదిలో ఉండాలన్న నియమం మాత్రం పాటించాలి. భోజనాల రోజున గిన్నెలు కడిగే పని ఎల్డర్ల సమూహానికి రాసి ఇవ్వండి. రాయకపోతే అది ఎవరి మీద పడుతుందో అందరికీ తెలుసు.

మా పాపకు 11 ఏళ్ళు. "అన్నయ్య పళ్ళెం పంచుతాడు, నేనెందుకు పంచకూడదు?" అంటోంది. ఏం చెప్పాలి?

"నువ్వు తల్లివి అవుతావు కదా" అని మాత్రం అనకండి. అన్నయ్య తండ్రి అవుతాడు, తల్లితనానికి జోడీ అది. పైగా పిల్లలు లేని స్త్రీలు ఆ వరుసలోనే కూర్చుని వింటుంటారు. "అబ్బాయిలకు అది లేకపోతే గుడికి రారు" అనకండి, అది అన్నయ్యకూ అవమానమే. సంఘం దీనికి పూర్తి కారణం ఇవ్వలేదు. "నాకూ తెలియదు, నువ్వు అడిగింది మంచి ప్రశ్న" అనడమే నిజాయితీ.

తరువాత ఆమెకు ఉన్నవన్నీ ఆమెకు అందుతున్నాయో లేదో చూడండి. ఇప్పటికే బాప్తిస్మం పొంది ఉంటే వచ్చే బాప్తిస్మానికి సాక్షిగా ఆమె పేరు బిషప్‌కు ఇవ్వండి. 12 నిండే ఏడు జనవరి నుంచి ఆమె యువతుల తరగతికి వెళ్ళవచ్చు, యోగ్యత ఉంటే దేవాలయంలో మృతుల తరఫున బాప్తిస్మం పొందవచ్చు, తరగతి అధ్యక్షురాలిగా పిలుపు అందుకోవచ్చు. ఆ పిలుపు వస్తే అన్నయ్య నియామకం రోజున చేసినట్టే చేయండి. ముందు వారం ప్రకటించండి, అమ్మమ్మను, తాతయ్యను పిలవండి, కొత్త బట్టలు కుట్టించండి. ఆమె తన తరగతి సమావేశం తానే నడిపేటప్పుడు పెద్దవాళ్ళు మధ్యలో అందుకోకుండా కూర్చోండి.